మొరెస్కి గొంతును వినడం ఎలా: కాస్ట్రాటో గానానికి ఒక శ్రవణ మార్గదర్శి

గొంతు మారకుండా ఉండేందుకు చిన్నప్పుడే వృషణాలు తొలగించిన కాస్ట్రాటో గాయకుల గురించి ఎక్కడో చదివి, ఆ కుతూహలంతో వారిలో చివరి తరానికి చెందిన అలెస్సాండ్రో మొరెస్కి రికార్డును వెతికి పట్టుకున్నవారు మొదటిసారి అర నిమిషం కంటే ఎక్కువ వినడం అరుదు. సూది గరగరల వెనుక నుంచి, ఏడుపును దిగమింగుకుంటున్నట్టు వణికే సన్నని గొంతు ఒకటి, ప్రతి స్వరాన్నీ కింది నుంచి ఈడ్చుకొచ్చి అందుకుంటూ, అక్కడక్కడ శ్రుతి జారుతూ వినిపిస్తుంది. యూరప్ రాజులు మోజుపడింది దీనికోసమేనా అని సందేహం కలుగుతుంది. నేనూ మొదట అలాగే ఆపేసి, చాలాకాలం దాని జోలికి పోలేదు. ఆ రికార్డులను పాటలా వింటే దక్కేది తక్కువేనని తరువాత తెలిసివచ్చింది. పాత రాతి శాసనంలో అరిగిపోయిన అక్షరాన్ని పక్క అక్షరాల సాయంతో పోల్చుకున్నట్టుగా వాటిని వినాలి. ఏ క్రమంలో వినాలో, దేనిని దేనితో పోల్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు ఆ గొంతు ఎలాంటిదో తెలియాలి

మగపిల్లవాడికి పన్నెండు, పదమూడేళ్లు దాటాక గొంతు బొంగురుపోవడం, కంఠమణి బయటికి కనిపించడం ప్రతి ఇంట్లో చూసేదే. వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టెరాన్ ప్రభావంతో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై దళసరెక్కుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ వయసు రాకముందే, ఎక్కువగా ఎనిమిదేళ్లకూ పదేళ్లకూ మధ్య, వృషణాలను తొలగిస్తే ఈ మార్పు జరగదు. స్వరతంత్రులు పిల్లవాడివిగానే ఉండిపోతాయి. మిగతా శరీరం మాత్రం ఎదుగుతుంది. పైపెచ్చు, ఎముకల చివర్లు మూసుకుపోవడం ఆలస్యమవుతుంది కనుక కాళ్లూ చేతులూ మామూలు కంటే పొడవు సాగుతాయి, ఛాతీ గూడు విశాలమవుతుంది. పసివాడి స్వరతంత్రులు, పెద్దవాడి గొంతు గుహ, అంతకంటే పెద్ద ఊపిరితిత్తులు, వీటికి తోడు పదేళ్ల కఠిన సాధన: ఇవన్నీ ఒక్క మనిషిలో కలిసినప్పుడు పుట్టినది కాస్ట్రాటో గొంతు. 2006లో బొలోన్యాలో, పద్దెనిమిదో శతాబ్దపు ప్రసిద్ధ కాస్ట్రాటో ఫారినెల్లి సమాధిని తెరిచి అవశేషాలను పరిశీలించినప్పుడు, నుదుటి ఎముక లోపలి వైపు మందంగా పెరిగి ఉండటం కనిపించింది. ఇది మామూలుగా వయసు మళ్లిన స్త్రీలలో కనిపించే మార్పు. హార్మోన్ల లోటు ఎముకలో కూడా తన జాడ వదిలిందన్నమాట.

ఇక్కడ ఒక పొరపాటును మొదట్లోనే సవరించుకోవాలి. నేటి కౌంటర్‌టెనర్ గాయకులు చేసేది వేరు. వారు ఎదిగిన మగ గొంతుతోనే, స్వరతంత్రుల అంచులను మాత్రమే కదిలించి, దొంగగొంతుతో పై స్థాయిలో పాడతారు. అందువల్ల కిందికి దిగేకొద్దీ వారి నాదం పలచబడుతుంది, లేదా ఉన్నట్టుండి మగ గొంతులోకి జారుతుంది. కాస్ట్రాటోకు పై స్థాయి పుట్టు గొంతే కనుక, కింది స్వరాల దగ్గర కూడా నాదం ఛాతీ నుంచి నిండుగా వస్తుంది. మొరెస్కిని వినేటప్పుడు మీ చెవి మొదట వెతకవలసింది ఈ కింది స్వరాలనే. అందరూ పై స్వరాల కోసం ఎదురుచూసి నిరాశపడతారు.

ఈ శస్త్రచికిత్స ఎవరికి, ఎందుకు అన్నది కూడా కొంత తెలిసి ఉండాలి. "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అన్న పౌలు మాటను అక్షరాలా పట్టుకుని రోమన్ చర్చి ఆరాధన గానం నుంచి స్త్రీలను దూరం పెట్టింది. బహుస్వర గానంలో పై స్వరశ్రేణి పాడటానికి పిల్లలు పనికివచ్చేవారు గానీ, పాట వంటబట్టేసరికి వారి గొంతు మారిపోయేది. 1589లో పోప్ ఐదవ సిక్స్టస్ సెయింట్ పీటర్స్ గాయకబృందాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు కాస్ట్రాటోలకు అందులో స్థానం దొరికింది. 1599లో పియెత్రో పావొలో ఫొలిన్యాతో, జిరొలామో రొసీని అనే ఇద్దరు ఇటాలియన్ కాస్ట్రాటోలు పోప్ సొంత ప్రార్థనామందిరమైన సిస్టీన్ చాపెల్ గాయకబృందంలో చేరారు. వాళ్ల గానాన్ని కోరిన చర్చే ఆ కోతను నేరంగా ప్రకటించి, చేసినవారిని వెలివేస్తామని బెదిరించింది. ఈ ద్వంద్వనీతి ఫలితం చార్లెస్ బర్నీ అనుభవంలో బయటపడుతుంది. 1770లో ఇటలీ అంతా తిరిగిన ఈ ఆంగ్ల సంగీత చరిత్రకారుడు, ఆ పని ఎక్కడ చేస్తారని అడిగితే మిలాన్‌లో వెనిస్ పేరు చెప్పారు, వెనిస్‌లో బొలోన్యా అన్నారు, బొలోన్యావాళ్లు ఫ్లోరెన్స్‌కు, ఫ్లోరెన్స్‌వాళ్లు రోమ్‌కు, రోమ్‌వాళ్లు నేపుల్స్‌కు చూపించారు. ఏ ఊళ్లో అడిగినా పక్క ఊరే. ఇంట్లోవాళ్లు మాత్రం గుర్రం మీంచి పడ్డాడనో, అడవిపంది కరిచిందనో చెప్పుకునేవారు. ఈ గొంతును ఆనందించే ముందు ఆ పిల్లవాడిని ఎవరూ అడగలేదన్న సంగతి గుర్తుంచుకుని వినడం న్యాయమని నా అభిప్రాయం.

రికార్డును సిద్ధం చేసుకోవడం

సోలో రికార్డులు మిగిలిన కాస్ట్రాటో మొరెస్కి ఒక్కడే. 1858 నవంబరు 11న రోమ్ సమీపంలోని మొంతె కొంపాత్రిలో పుట్టి, 1883లో సిస్టీన్ బృందంలో చేరి, 1913లో విరమించి, 1922లో మరణించాడు. అతని గొంతును గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ రెండు విడతలుగా, 1902లోనూ 1904లోనూ, రికార్డు చేసింది. మొదటి విడతకు ఆ కంపెనీ తరఫున రోమ్ వెళ్లిన గైస్‌బర్గ్ సోదరుల అసలు కోరిక పోప్ పదమూడవ లియో గొంతును పట్టుకోవడం. తొంభై రెండేళ్ల పోప్ బదులు దొరికింది ఆయన గాయకులు.

అప్పటికి మైకు లేదు. గాయకుడు పెద్ద గరాటు ముందు నిలబడి పాడితే, ఆ గాలి కదలికే పొరను కదిలించి, సూదితో మైనం మీద గీత గీసేది. తప్పు జరిగితే సరిదిద్దే వీలు లేదు. మూడు నిమిషాలు దాటితే పలక, అంటే గుండ్రటి రికార్డు, చాలదు. గరాటు మధ్యస్థాయి ధ్వనులను బాగా పట్టి, పైనున్న అనుస్వరాలను, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై ధ్వనులను, దాదాపు మింగేసేది. గొంతులోని మెరుపు ఉండేది ఆ అనుస్వరాలలోనే కనుక, గరాటు వల్ల ఎక్కువ నష్టపోయింది స్త్రీ గొంతులు, పసి గొంతులు, ఈ గొంతు.

అందుకే వినేముందు చెవిని సరిచూసుకునే పని ఒకటి చేయమంటాను. 1902 ఏప్రిల్‌లో మొరెస్కిని రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, అదే ఏప్రిల్‌లో మిలాన్‌లో ఇటాలియన్ టెనర్ (మామూలు మగ గొంతుల్లో ఎత్తైనది) ఎన్రికో కరూసోను, అదే సంవత్సరం నవంబరులో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్‌ను రికార్డు చేశాడు. మనిషి ఒక్కడే, పద్ధతి ఒక్కటే, ఏడాది ఒక్కటే. ముందుగా గౌహర్ జాన్ పలక ఒకటి పెట్టి వినండి. హిందుస్తానీ గొంతు ఎలా ఉంటుందో మనకు తెలుసు కనుక, గరాటు దానికి ఏం చేసిందో వెంటనే పట్టుబడుతుంది: నాదం ముక్కులోకి పోతుంది, ఊపిరి వినిపించదు, బలమైన స్వరం దగ్గర గీత చెదిరినట్టు అవుతుంది. తరువాత కరూసోను వినండి. టెనర్ గొంతును గరాటు అంతగా దెబ్బతీయలేదని తెలుస్తుంది. ఈ రెండూ విన్న చెవితో మొరెస్కి దగ్గరికి వస్తే, తప్పు యంత్రానిదో గొంతుదో చాలావరకు విడదీసుకోవచ్చు.

రెండో జాగ్రత్త వేగం గురించి. నిమిషానికి 78 చుట్లు అన్న లెక్క అప్పటికి స్థిరపడలేదు. ఒక్కో విడతలో ఒక్కో వేగం ఉండేది. వేగం ఆరు శాతం పెరిగితే ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నర శ్రుతిలో వినిపిస్తుంది, గొంతు వణుకు కూడా అంత తొందరపడుతుంది. మొరెస్కి వణుకు మేకపిల్ల అరుపులా ఉందని వెక్కిరించేవారు చాలాసార్లు తప్పు వేగంతో తిప్పిన ప్రతినే విని ఉంటారు. ఇంటర్నెట్‌లో దొరికే రెండు మూడు ప్రతులను పక్కపక్కన పెట్టి, హార్మోనియం మీదో శ్రుతి యాప్‌తోనో ఆధార స్వరాన్ని సరిపోల్చండి. అవి ఒకదానితో ఒకటి కలవకపోతే, మీ ప్లేయర్‌లో వేగాన్ని ఒకటి రెండు శాతం చొప్పున తగ్గిస్తూ వాద్యం నాదం సహజంగా వినిపించే చోట నిలపండి. గరగరను పూర్తిగా తుడిచేసిన ప్రతులను మాత్రం తీసుకోవద్దు. గరగరతో పాటు మిగిలిన కొద్దిపాటి మెరుపు కూడా అందులో పోతుంది.

మొదట క్రూచిఫిక్సుస్

అందరూ 'ఆవే మరీయా'తో మొదలుపెడతారు. నేను ఇటాలియన్ స్వరకర్త రొస్సీని మిస్సాలోని, అంటే చర్చి ఆరాధన గీతాల వరుసలోని, 'క్రూచిఫిక్సుస్'తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఆ రచనకూ ఈ గొంతుకూ నేరుగా సంబంధం ఉంది. 1860లలో ఆ మిస్సాను రాసిన రొస్సీని, దానికి మూడు లింగాలవారు, అంటే పురుషులు, స్త్రీలు, కాస్ట్రాటోలు కలిపి పన్నెండుగురు గాయకులు చాలునని ప్రతిలోనే రాసిపెట్టాడు. హాస్యం కోసం రాసినట్టు కనిపించినా, అందులో కొంత తన కథ కూడా ఉంది: చిన్నప్పుడు తన గొంతు విని మేనమామ తననూ ఆ దారి పట్టించాలని చూస్తే తల్లి ఒప్పుకోలేదని ఆయనే చెప్పుకున్నాడు.

మాటలు అర్థం కావేమోనని బెంగ అక్కరలేదు. విశ్వాసప్రమాణంలో సిలువ ప్రసక్తి వచ్చే భాగమే ఇది. మన చర్చిల్లో 'పొంతి పిలాతు' అని పలికే పేరు ఇక్కడ 'సుబ్ పొంత్సియో పిలాతో' అని వినిపిస్తుంది. ఆ పేరును గుర్తుపట్టి దాన్నే మైలురాయిగా పెట్టుకోండి.

మొదటిసారి గొంతును వదిలి వాద్యాన్ని మాత్రమే వినండి. తడబడుతున్నట్టు లయకు ఎదురుగా పడే ఆ తాళపు నడక మీద గొంతు ఎక్కడ ఆనుకుంటుందో తెలుస్తుంది. రెండోసారి ప్రతి పాదం మొదటి స్వరాన్ని మాత్రమే గమనించండి. మొరెస్కి చాలా చోట్ల స్వరాన్ని సూటిగా అందుకోడు. ఎంతో కింది నుంచి, కొన్నిసార్లు ఒక స్థాయికి పైబడిన దూరం నుంచి, చిన్న మెరుపులా ఎగసి దాని మీద వాలతాడు. మన చెవికి ఇది జారుడు గమకంలా తోస్తుంది. యూరప్ సంగీత విమర్శకులలో కొందరు దీన్ని శిక్షణ లోపమన్నారు, కొందరు సిస్టీన్ బృందం పాత అలవాటన్నారు. నాకు రెండో మాట వైపే మొగ్గు, ఎందుకంటే శ్రుతి తెలియనివాడు జారిన చోటల్లా అంత కచ్చితంగా గమ్యం చేరడు. మూడోసారి కింది స్వరాలను వినండి. పాదం చివర గొంతు కిందికి దిగినప్పుడు, స్త్రీ గొంతులోనూ పిల్లవాడి గొంతులోనూ వినిపించని ఒక దృఢత్వం, కంచుకు తోలు తొడిగినట్టు, ఒక్క క్షణం బయటపడుతుంది. ఈ గొంతు ప్రత్యేకత నాకు పట్టుబడింది ఆ చోటే.

తరువాత 1904 నాటి 'ఆవే మరీయా'

జర్మన్ స్వరకర్త బాక్ 1722 నాటి సంపుటిలోని తొలి ప్రెల్యూడ్ (చిన్న వాద్యరచన) మీద ఫ్రెంచ్ స్వరకర్త గునో అల్లిన రాగమిది. కింద వాద్యం తంబూరలా ఎడతెగకుండా సాగుతుంది, పైన గొంతు మెల్లగా మెట్లెక్కుతుంది. దీన్ని రెండోదిగా వినమనడానికి కారణం, ఇందులో భావోద్వేగం మరీ ఎక్కువ కావడమే. పందొమ్మిదో శతాబ్దపు చివరి ఇటాలియన్ గాయకులు వెక్కిళ్లలాంటి విరుపులను భక్తికి గుర్తుగా వాడేవారు. మొరెస్కి కూడా ఆ కాలం మనిషే. ఆ వెక్కిళ్లు కాలానివి, గొంతువి కావు. తోస్తి రాసిన 'ఇదేయాలే' అనే ప్రేమగీతాన్ని కూడా అతను పాడాడు. అదే పాటను ఆ కాలపు టెనర్ ఎవరైనా పాడిన పలకతో పోలిస్తే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి అప్పటి అలంకారాలని, మిగిలినది మొరెస్కి సొంతమని తేలుతుంది.

ఇంత చేశాక కూడా మొరెస్కిని ఫారినెల్లికి ప్రతినిధిగా తీసుకోవడం తగదు. ఒపేరా రంగస్థలం మీద చివరి పెద్ద కాస్ట్రాటో వెల్లూతి. 1824లో మేయర్‌బేర్ అతని కోసం పాత్ర రాసినప్పటికే అది వింతగా మారిపోయింది. ఆ తరువాత ఈ గొంతులు రోమ్ చర్చిలకే పరిమితమై, గురుపరంపర సన్నగిల్లింది. 1903లో కొత్త పోప్ పదవ పయస్, పై స్వరశ్రేణికి పిల్లలనే తీసుకోవాలని ఆదేశించాడు. మొరెస్కి పాడిన రెండో విడత నాటికి అతను తన బృందంలో చివరి కాలపు మనిషి.

స్వరలిపి దారిలో వెనక్కి

పద్దెనిమిదో శతాబ్దపు గొంతులకు పలకలు లేవు, కానీ పాదముద్రలున్నాయి. అప్పటి స్వరకర్తలు ముందు పాట రాసి తరువాత గాయకుణ్ణి వెతికేవారు కారు. దర్జీ కొలతలు తీసుకున్నట్టు గాయకుడి గొంతును కొలుచుకుని రాసేవారు. మూడు పాటలు చాలు.

మొదటిది హ్యాండెల్ 1738లో లండన్‌లో కఫ్ఫరెల్లి కోసం రాసిన 'ఓంబ్రా మయి ఫూ'. పారశీక రాజు ఒక చెట్టు నీడను పొగిడే చిన్న పాట. గొంతు ప్రవేశించే మొదటి స్వరమే చాలాసేపు నిలుస్తుంది. ఆ స్వరాన్ని పిల్లికూతంత సన్నగా మొదలుపెట్టి, నిండుగా పెంచి, మళ్లీ తగ్గించడం కాస్ట్రాటోల ప్రధాన విద్య. దానికి 'మెస్సా ది వోచె' అని పేరు. నేపుల్స్ సంగీత పాఠశాలలలో, పోర్పొరా వంటి గురువుల దగ్గర, దీనిమీదే ఏళ్లు గడిచేవి. రోమ్‌లో మత్సొక్కి అనే గురువు తన శిష్యులను ఊరి బయట ప్రతిధ్వని వచ్చే చోటికి తీసుకెళ్లి పాడించేవారని బొంతెంపి 1695లో రాశాడు. రికార్డింగు లేని రోజుల్లో తన గొంతును తాను వినడానికి కొండను వాడుకోవడం నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎంతో ఇష్టమైన సంగతి. ఫారినెల్లి పదిహేడేళ్ల వయసులో రోమ్‌లో బాకా ఊదేవాడితో ఊపిరి పందెం వేసి, అతను అలసిపోయాక కూడా అదే ఊపిరిలో పాటను కొనసాగించాడని బర్నీ రాసిన కథ కూడా ఈ విద్య గురించినదే.

రెండోది 1762లో వియన్నాలో గ్వదాన్యి కోసం గ్లుక్ రాసిన ఓర్ఫియో విలాపం, 'కె ఫరో సెంత్సా యురిదిచె'. ఇందులో సంగతులు లేవు, పరుగులు లేవు; కాస్ట్రాటో అంటే నోటితో విన్యాసాలు చేసేవాడన్న అభిప్రాయాన్ని సరిదిద్దడానికి దీనిని మించిన పాట లేదు.

ఈ రెంటినీ ఎవరి గొంతులో వినాలన్నది తగువులమారి ప్రశ్న. మన తెలుగు నాటకరంగం గుర్తున్నవారికి మొదట స్థానం నరసింహారావు సత్యభామ తలపుకు వస్తుంది, కాస్ట్రాటోలూ ఆడవేషాలు కట్టినవారే అనుకుంటారు. రోమ్‌లో స్త్రీలకు రంగస్థల నిషేధం ఉండటంతో అక్కడ అలాంటివి జరిగాయి. మిగతా చోట్ల వారు వేసినవి ఎక్కువగా వీరుల వేషాలే: హ్యాండెల్ 1724లో సెనెసీనోకు ఇచ్చింది జూలియస్ సీజర్ పాత్ర. ఆ కాలపు చెవికి పై స్థాయి యవ్వనానికీ రాజసానికీ గుర్తు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఈ పాత్రలను ఒక స్థాయి దించి బారిటోన్‌లతో, అంటే మధ్యరకం మగ గొంతులతో, పాడించారు. ఆ రికార్డులను పక్కన పెట్టండి, ఎందుకంటే స్థాయి దిగగానే గొంతు వాద్యాల కిందికి పోయి సంగీతపు అమరికే తలకిందులవుతుంది. కౌంటర్‌టెనర్‌కూ స్త్రీ మెజ్జో (స్త్రీలలో మధ్యస్థాయి) గొంతుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను మెజ్జోనే ఎంచుకుంటాను. కాస్ట్రాటో దొరకనప్పుడు హ్యాండెల్ స్వయంగా పిలిచింది స్త్రీలనే, దొంగగొంతు పురుషులను కాదు. 1994లో ఫారినెల్లి మీద వచ్చిన చిత్రంలో వినిపించే గొంతు, ఒక కౌంటర్‌టెనర్ గొంతునూ ఒక సొప్రానో (ఎత్తైన స్త్రీ) గొంతునూ కంప్యూటర్‌తో అతికి తయారుచేసినది. ముచ్చటగా ఉంటుంది, వినండి, కానీ సాక్ష్యంగా వాడుకోవద్దు.

మూడోది మోత్సార్ట్ పదహారేళ్ల వయసులో, 1773 జనవరిలో, మిలాన్‌లో రవుజ్జీని కోసం రాసిన 'ఎక్సుల్తాతే, యుబిలాతే'. చివరి 'అల్లెలూయా' పరుగుల కోసం నేటి సొప్రానోలందరూ దీన్ని పాడుతున్నారు కనుక మంచి రికార్డు దొరకడం కష్టం కాదు. దీన్ని విన్నాక రవుజ్జీనిని అక్కడే వదిలేయకండి. అతను తరువాత ఇంగ్లండు వెళ్లి, బాత్ పట్టణంలో స్థిరపడి, పాఠాలు చెబుతూ బతికాడు. 1794లో అతని ఇంటికి వచ్చిన హైడన్, చనిపోయిన అతని కుక్క టర్క్ మీద ఒక చిన్న కానన్, అంటే ఒకే వరుసను ఒకరి తరువాత ఒకరు అందుకుని పాడే పాట, కట్టి వెళ్లాడు. అంతకు ముందే లండన్‌లో అతని దగ్గర నేర్చుకున్నవారిలో నాన్సీ స్టొరాచె ఒకతె. 1786లో వియన్నాలో మోత్సార్ట్ ఒపేరా 'ఫిగారో పెళ్లి' తొలిసారి ఆడినప్పుడు సుజన్నా పాత్ర ఆమెదే. అందువల్ల ఈ శ్రవణ క్రమంలో చివరి పాటగా, నాలుగో అంకంలో తోటలో సుజన్నా పాడే 'దే వియెని' పెట్టుకోండి. కత్తి సోకని గొంతుకు కాస్ట్రాటో నేర్పిన పాఠం అందులో ఎంత మిగిలిందో, పాదం చివర గొంతు కిందికి దిగే చోట వెతకండి.